గోలంద కబుర్లు

మా ఇంట్లో ఎవరైనా నమ్మలేని మాట చెబితే పెద్దవాళ్ళు "గోలంద కబుర్లు చెప్పకు" అనేవారు. బడి ఎగ్గొట్టి వచ్చి జ్వరం అన్నా, మామిడికాయలు కోతి ఎత్తుకుపోయిందన్నా ఇదే మాట. బరంపురంలో మా వీధి తెలుగువాళ్ళకు గానీ ఒడియా వాళ్ళకు గానీ ఈ మాట తెలియదు. అది మా ఇంటి సొత్తు. దాని వెనక ఉన్న మనిషి మా ముత్తాత.

ఆయన చికిటి దగ్గరి పల్లెలో పుట్టాడు. పొలం లేదు. పెళ్ళి కాకముందే కూలీలను పోగుచేసే ఒక సర్దారు వెంట అస్సాం తేయాకు తోటలకు కూలికి వెళ్ళి, మూడేళ్ళ తరువాత తిరిగి వచ్చాడు. వెళ్ళినప్పుడు ఇచ్చిన కంబళి, రేకు పళ్ళెం తప్ప ఏమీ తెచ్చుకోలేదు. కబుర్లు మాత్రం తెచ్చుకున్నాడు. ఆ కబుర్లు మా నాయనమ్మకు చెప్పినది ఆయనే, నాకు చెప్పినది నాయనమ్మ.

"మా మామగారు రైలు దిగితే ఇసుకేనట. ఇసుకలో నడిస్తే వెదురు తడికల పాకలు. స్టేషను అంటే అదేనట, గోడ లేదు, పెంకు లేదు. పాకల అవతల ఏరు. అవతలి గట్టు కనిపించదు. రెండంతస్తుల పొగపడవ, దాని పక్కకు కట్టేసిన ఇంకో బల్లపరుపు పడవ. జనాన్ని ఆ రెండో దానిలోకి ఎక్కించారట. ఆ ఊరి పేరు గోలంద. వెళ్ళేటప్పుడు ఒకచోట దిగాడు, వచ్చేటప్పుడు ఇంకోచోట ఎక్కాడు. రెండూ ఒక్క ఊరేనట, ఒక్క స్టేషనేనట. ఊరు నడిచిపోయిందట!"

ఊరు నడవడం అన్న చోటికి వచ్చేసరికి అందరూ నవ్వేవారు. ఆయన బతికి ఉన్న రోజుల్లోనూ నవ్వేవారట. ఒకసారి చిరాకుపడి, "నా కళ్ళతో చూశాను" అని, ఆ తరువాత ఆ సంగతి ఎత్తడమే మానేశాడట. నాయనమ్మ ఈ చివరి ముక్క ఎప్పుడూ నవ్వకుండా చెప్పేది. అందుకే అది నాలో ఉండిపోయింది.

గోలంద ఎక్కడ? మాకు దానిలో అనుమానమే లేకపోయింది. బరంపురం నుంచి ఇచ్ఛాపురం వైపు వెళ్ళే రైలుకు గొళంతరా అనే స్టేషను తగులుతుంది. ముత్తాత నోట అరిగిపోయిన పేరు అదేనని మా నాన్న అనుకున్నాడు, నేనూ అనుకున్నాను. పన్నెండేళ్ళ వయసులో సైకిలు మీద అక్కడికి వెళ్ళి చూశాను. పొలాలు, ఒక చెరువు, తాటిచెట్లు. పొగపడవ తిరిగే ఏరు ఆ దరిదాపుల్లో లేదు. బాహుదా నది ఉంది గానీ అది వేసవిలో మోకాలి లోతు కూడా ఉండదు. ముత్తాత అబద్ధం చెప్పాడన్నది ఆ రోజు నాకు రూఢి అయిపోయింది. ఆ తరువాత నలభై ఏళ్ళకు పైగా నేనూ పిల్లలతో "గోలంద కబుర్లు చెప్పకు" అన్నాను. లెక్కల మాస్టారుగా బడిలో కూడా అన్నాను. ఆ తప్పు నాది.

రిటైరయ్యాక ఒక శీతాకాలం మధ్యాహ్నం గోపాలపురం సముద్రం ఒడ్డున చిన్న హోటల్లో భోజనానికి కూర్చున్నాను. ఆ కాలంలో అక్కడ బెంగాలీ యాత్రికులు ఎక్కువ. పక్క బల్ల దగ్గర ఎనభై దాటిన పెద్దాయన కోడికూర రుచి చూసి, తన కోడలితో ఏదో అన్నాడు. ఒడియా తెలిసినవాడికి బెంగాలీ సగం అర్థమవుతుంది. "గోవాలందో స్టీమరు కూర రుచి దీనికి ఎక్కడిది" అన్నాడాయన. స్టీమరు అన్న మాట, గోవాలందో అన్న మాట పక్కపక్కన విన్నాను. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

లేచి వెళ్ళి, క్షమించమని అడిగి, గోవాలందో అంటే ఏమిటన్నాను. ఆయన తల్లిదండ్రులది తూర్పు బెంగాలు, అంటే ఇప్పటి బంగ్లాదేశ్. కలకత్తా సియాల్దా స్టేషనులో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి పద్మా నది ఒడ్డున గోవాలందో ఘాటులో దించేదట. అక్కడ స్టీమరెక్కి నారాయణగంజ్, అక్కడినుంచి మళ్ళీ రైల్లో ఢాకా. స్టీమరు వంటవాళ్ళు ప్రయాణికులకు వండే కోడికూర తలచుకుని అక్కడివాళ్ళు ఇప్పటికీ లొట్టలు వేస్తారు. "అక్కడి స్టేషను ఎలా ఉండేది?" అని అడిగాను. ఆయన చెయ్యి అటూ ఇటూ ఊపి, "స్టేషనా? ఈ ఏడు ఇక్కడ, మరుసటేడు అక్కడ. పద్మ ఎక్కడ ఒప్పుకుంటే అక్కడ" అన్నాడు.

నేను ఇంటికి వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

మా తమ్ముడి కొడుకు భువనేశ్వర్‌లో చదువుకుంటున్నాడు. వాడికి ఫోను చేసి చెప్పాను. రెండు రోజులకు పాత గెజిటీరు పేజీలు, రైలు పటాలు తెచ్చి కంప్యూటర్‌లో పెట్టి, "పెదనాన్నా, ముత్తాతగారు అబద్ధం చెప్పలేదు" అన్నాడు. ఆ రాత్రి మేమిద్దరం చదివినది ఇక్కడ రాయకుండా ముందుకు వెళ్ళలేను.

తూర్పు బెంగాలు రైల్వే 1862లో కలకత్తా నుంచి కుష్టియా వరకు వేశారు. అప్పుడు స్టీమర్లకు రైలు కొస కుష్టియాయే. 1871 జనవరిలో దారిని గోవాలందో వరకు పొడిగించారు. ఎందుకంటే అక్కడే గంగ పాయ అయిన పద్మ, బ్రహ్మపుత్ర ప్రధాన పాయ అయిన జమున కలుస్తాయి. అటు ఢాకాకు, ఇటు అస్సాంకు, సిల్హెట్ వైపుకు నీటి దారులన్నీ అందే చోటు అది. కానీ రెండు మహానదులు కలిసేచోట నేల ఎలా నిలుస్తుంది? ఇంజనీర్లు నది అంచునే ఎత్తైన కట్ట పోసి, దానిమీద స్టేషను కట్టి, ప్రవాహాన్ని పక్కకు తొయ్యడానికి నదిలోకి రాతి గట్లు దింపారు. ఈ రక్షణ పనులకు 1,30,000 పౌండ్లు పోశారు. 1875 ఆగస్టులో వరద వచ్చింది. రాతి గట్లు, రైలు స్టేషను, మేజిస్ట్రేటు కచేరీ మొత్తం కొట్టుకుపోయాయి. అవి ఉన్నచోట లోతైన నీళ్ళు నిలిచాయి. తరువాతి స్టేషనును పాత గట్టుకు రెండు మైళ్ళు లోపలికి జరిపి కట్టారు. ఆ తరువాత శాశ్వతంగా కట్టడం మీద ఆశ వదులుకున్నారు. నది జరిగితే పట్టాలు పీకి, నది ఉన్న చోటికి వేసేవారు. పాకలు విప్పి మళ్ళీ కట్టేవారు.

"గోడ లేదు, పెంకు లేదు." నాయనమ్మ గొంతు ఆ మాట అన్నట్టే వినిపించింది. ముత్తాత వెళ్ళినప్పుడు ఒకచోట, మూడేళ్ళకు తిరిగి వచ్చినప్పుడు మరోచోట. ఊరు నిజంగానే నడిచింది.

పక్కకు కట్టేసిన రెండో పడవను ఫ్లాటు అనేవారట. ఇంజను ఉండదు, స్టీమరు దానిని జతగా లాక్కుపోతుంది. సరుకును, కూలి జనాన్ని అందులో వేసేవారు. ఇండియా జనరల్, రివర్స్ స్టీమ్ అనే రెండు కంపెనీల స్టీమర్లు ఆ దారిలో నడిచేవి. పడవ ఎక్కేముందు కూలీల పేర్లు చూసి, ఒళ్ళు చూసి పంపడానికి అధికారులు ఉండేవారు. అయినా కలరా పడవలోకి ఎక్కేది. మా ముత్తాతతోపాటు వెళ్ళిన ఇద్దరు దారిలోనే పోయారని నాయనమ్మ చెప్పేది. వాళ్ళ పేర్లు ఆవిడకూ తెలియవు.

ఇక్కడినుంచి నాకు ఒక పట్టుదల పుట్టింది. ఆయన ఏ సంవత్సరంలో వెళ్ళాడో తేల్చాలి. కాగితం లేని చోట లెక్క పనికొస్తుంది. బెజవాడ నుంచి కటకం వరకు తూర్పు తీర రైలు 1896 నాటికి పూర్తయింది. బరంపురం స్టేషను ఆ ఏటిదే. కానీ కటకం అవతల మహానది, ఇంకా పైన రూపనారాయణ నది ఉన్నాయి. కోలాఘాట్ దగ్గర రూపనారాయణ మీద వంతెన 1900 ఏప్రిల్‌లో తెరిచారు. ముత్తాత బరంపురంలో ఎక్కిన రైలు దిగకుండా కలకత్తా దాకా వెళ్ళాడని ఇంట్లో మాట. కాబట్టి 1900 తరువాతే. ఇటు చూస్తే 1910 ప్రాంతానికి గువాహటి అవతలి గట్టు అమీన్‌గావ్ వరకు రైలు వచ్చేసింది, పై అస్సాం వెళ్ళేవాళ్ళకు స్టీమరు అవసరం తగ్గింది. మా తాత పుట్టినది 1907లో, ముత్తాత తిరిగి వచ్చి పెళ్ళి చేసుకున్నాకే. అంటే ఆయన గోవాలందో చూసినది 1900కూ 1906కూ మధ్య. బల్ల మీద నోటుపుస్తకంలో ఈ రెండు సంవత్సరాల మధ్య గీత గీసినప్పుడు, ఆయన భుజం మీద చెయ్యి వేసినంత దగ్గరగా అనిపించింది.

గంజాం జిల్లా 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. కూలీల లెక్కలు ఉంటే ఇక్కడైనా ఉండాలి, మద్రాసులోనైనా ఉండాలి. ముందు ఇక్కడి ఒక కార్యాలయానికి వెళ్ళాను. నాలుగుసార్లు తిరిగాను. మొదటిసారి అర్జీ ఇంగ్లీషులో కావాలన్నారు, రెండోసారి ఒడియాలో కావాలన్నారు. మూడోసారి అర్జీ కనిపించలేదు. నాలుగోసారి, పాత కట్టలకు చెద పట్టిందని, తీసి పారేశామని చెప్పారు. చెద పట్టినవి నిజమే కావచ్చు. కానీ ఆ మాట మొదటి రోజే చెప్పి ఉండవచ్చు కదా? అక్కడికి వచ్చే ముసలివాళ్ళు తమ తాతల పేర్లు వెతుక్కోవడానికి వస్తారు. ఆ గది గుమ్మం దగ్గర గంటలకొద్దీ నిలబడితే ఆ పేర్లకు విలువ లేదన్నట్టు ఉంటుంది.

చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ప్రభుత్వ పత్రాలయంలో మర్యాదగా చూశారు. గంజాం కాగితాలు ఉన్నాయి. రోజుకు కొన్ని కట్టలు తెచ్చిపెట్టేవారు, ఎర్ర నాడాలు విప్పి చదివేవాడిని. కాగితం ముట్టుకుంటే విరిగే స్థితి. అయిదు రోజులు చదివాను. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి అస్సాం వెళ్ళినవాళ్ళు అంకెలుగా ఉన్నారు. ఇంతమంది మగవాళ్ళు, ఇంతమంది ఆడవాళ్ళు, ఇంతమంది పిల్లలు. పేర్లు లేవు. మా ముత్తాత ఆ అంకెల్లో ఒకడు. ఏ అంకెలోనో చెప్పలేను.

తిరుగు ప్రయాణంలో రాజమండ్రిలో దిగాను. అది ముందే అనుకున్నది కాదు. మన దగ్గర కూడా ఇలాంటి కథ ఒకటి ఉందని రైల్లో గుర్తుకొచ్చింది. గోదావరి మీద వంతెన లేనప్పుడు రైళ్ళు ఇటు రాజమండ్రిలో, అటు కొవ్వూరులో ఆగిపోయేవి. జనం, సరుకు స్టీమరు మీద ఏరు దాటి అవతలి రైలెక్కేవారు. 1897 నవంబరులో వంతెన పని మొదలై 1900 ఆగస్టు 30న రాకపోకలు ఆరంభమయ్యాయి. అప్పటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు పెట్టారు. 1997లో దానిమీద రైళ్ళు ఆపేశారు గానీ 56 ఖానాల ఆ పాత వంతెన ఇప్పటికీ నిలబడే ఉంది. పుష్కర ఘాటు మెట్ల మీద కూర్చుని చాలాసేపు దానినే చూశాను. మూడేళ్ళలోపు పని. ఇక్కడి రేవు బతుకు వంతెనతో ముగిసింది. స్టేషను ఉన్నచోటే ఉంది, ఊరు ఉన్నచోటే ఉంది. గోవాలందోలో వంతెన మాటే లేదు, ఏ గట్టు మీద నిలబెడతారు? పద్మ మీద రైలు వంతెన కట్టినప్పుడు కూడా ఎగువన సారా దగ్గర కట్టారు. 15 పెద్ద ఖానాల ఆ హార్డింజ్ వంతెన 1915 మార్చిలో తెరిచారు. నది దారి తప్పిపోకుండా రెండు వైపులా పొడవైన రాతి కట్టలు పోసి, ముందు నదిని అక్కడ కట్టేసి, తరువాత వంతెన వేశారు.

ఆ మెట్ల మీదే నిర్ణయించుకున్నాను, గోవాలందో వెళ్ళాలని.

వీసాకు కాగితాలు సిద్ధం చేసినది మా తమ్ముడి కొడుకే. ప్రయాణ కారణం అన్నచోట ఏమి రాయాలని అడిగాడు. "పూర్వీకుడు దిగిన స్టేషను చూడటానికి" అని రాయమన్నాను. వాడు పర్యటన అని రాశాడు, అదే మంచిదన్నాడు. 2020 జనవరి మొదటి వారంలో కలకత్తా నుంచి మైత్రీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. సియాల్దా నుంచి గోవాలందోకు నేరుగా వెళ్ళే బండి 1965 యుద్ధంతోనే ఆగిపోయింది. మా బండి హార్డింజ్ వంతెన మీదుగా ఢాకాకు పోయింది. మరునాడు ఢాకా గాబ్‌తలి నుంచి బస్సులో పాటూరియా రేవుకు చేరాం.

పొగమంచు. నది కనిపించలేదు. మంచు తెరిపి ఇచ్చేదాకా ఫెర్రీలు కదలవని చెప్పారు. బస్సులు, లారీలు మైళ్ళ పొడవున బారులు తీరి ఉన్నాయి. మూడు గంటలు ఆ గట్టున నిలబడ్డాం. ముందు ఇంజను చప్పుడు, తరువాత మనుషుల అరుపులు, ఆఖరున పడవ వచ్చాయి. ఎక్కాం. మధ్యకు వచ్చాక ఇటు గట్టు లేదు, అటు గట్టు లేదు. "అవతలి గట్టు కనిపించదు" అన్న మాట నేను ఇన్నాళ్ళూ మంచు లేని గట్టు మీద నిలబడి విన్నాను.

దౌలత్‌దియా రేవులో దిగితే గోవాలందో ఘాటు స్టేషను దగ్గరే. రైలు కొస అదే. చిన్న స్టేషను. పట్టాల వెంట చివరిదాకా నడిచాం. చివర గడ్డి, ఇసుక, అరటిచెట్లు, ఆ అవతల నీళ్ళు. నా ముత్తాత దిగిన చోటు ఇది కాదు. అది నీళ్ళల్లో ఎక్కడో ఉంది, లేదా ఏదో లంక కింద ఉంది.

స్టేషను బయట టీ కొట్టు పెద్దాయనతో ఒడియా, బెంగాలీ కలిపి మాట్లాడాను. మా ముత్తాత కథ చెప్పాను. ఊరు నడిచిందన్నాడని, మేము నమ్మలేదని చెప్పాను. ఆయన టీ వడకట్టడం ఆపి నా ముఖంలోకి చూశాడు. "నమ్మలేదా?" అన్నాడు. నవ్వలేదు. "నా ఇల్లు నాలుగుసార్లు పద్మ తీసుకుపోయింది. మా నాన్న ఇల్లు ఎన్నిసార్లో. మసీదు జరిగింది, బడి జరిగింది, బజారు జరిగింది. పేరు మాత్రం వెంట తెచ్చుకుంటాం." టీ డబ్బు తీసుకోలేదు.

అక్కడ నేను వెతికిన కాగితం ఏదీ దొరకలేదు, దొరుకుతుందని వెళ్ళలేదు కూడా. కానీ ఒక మాట రాయాలి. ఈ రేవు మీదుగా వెళ్ళిన మనవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. తోటల్లోనే ఉండిపోయారు. అస్సాంలో తేయాకు తోటల జనాల జాబితాలో తెలంగ అనే పేరు ఇప్పటికీ ఉంది, అది మనవాళ్ళ పేరే. తిరిగి రావాలనుకోవడమూ తేలిక కాదు. 1921 మే నెలలో చార్గోలా లోయ తోటల నుంచి వేలమంది కూలీలు పని వదిలి ఇళ్ళకు బయలుదేరి చాంద్‌పూర్ స్టీమరు రేవు చేరారు. గోవాలందో స్టీమరు అందక అక్కడే చిక్కుకున్నారు. మే 20 రాత్రి స్టేషనులో నిద్రపోతున్న వాళ్ళ మీద గూర్ఖా సైనికులు పడి కొట్టారు, ఆ వెంటనే కలరా పట్టింది. వాళ్ళు ఎక్కువమంది ఉత్తరాది వాళ్ళు. కానీ ఇంటికి చేరే దారిలో ఆఖరి స్టీమరు అందరికీ అదే. మా ముత్తాతను ఎక్కించుకుని ఈ గట్టు మీద దింపిన ఆ పేరులేని సరంగుకు, ఆ స్టీమరు నడిపినవాడికి, నేను రుణపడి ఉన్నాను. ఆయన ఆ రోజు ఒక పల్లెటూరి కుర్రాణ్ణి ఎక్కించుకోకపోతే ఇది రాయడానికి నేను లేను.

తిరిగి వచ్చేటప్పుడు రేవులో చిన్న సీసాలో పద్మ నీళ్ళు పట్టాను. సంక్రాంతికి ఇంటికి చేరాం. మా వైపు పండుగ నాడు పెద్దలకు కొత్త బట్టలు పెట్టి, పేర్లు చెప్పి దణ్ణం పెడతాం. ఎప్పుడూ తాతతో మొదలుపెట్టి కిందికి వచ్చేవాళ్ళం. ఆ ఏడు ముత్తాతకు ఒక పంచె, ఒక కంబళి కొని పెట్టాను. పక్కన సీసా ఉంచాను. పిల్లలందరినీ కూర్చోబెట్టి, చూసినది చూసినట్టు చెప్పాను, టీ కొట్టు పెద్దాయన మాటతో సహా. ఇకమీదట ఈ ఇంట్లో ఆ మాటను అబద్ధానికి వాడవద్దని చెప్పాను.

మా చెల్లెలు సీసాను చేతిలోకి తీసుకుని వెలుగుకు పట్టి చూసింది. అడుగున ఇసుక దిగి ఉంది.

"ఇది ఏ రేవు నీళ్ళు అన్నయ్యా?" అంది.

"గోలంద" అన్నాను. ఎవరూ నవ్వలేదు.